ఓడిన రోజు కూడా మనవాడే



"నీకేమైనా మెంటలా?"

ఈ మాట ఈ వారంలో మీ ఇంట్లో ఎన్నిసార్లు వినిపించింది? పాలగ్లాసు ఒలికినప్పుడో, తెల్ల యూనిఫాం మీద ఇంకు మరక పడినప్పుడో, రేపు యూనిట్ టెస్ట్ పెట్టుకుని పిల్లవాడు ఫోన్ పట్టుకు కూర్చున్నప్పుడో నోట్లోంచి జారిపోతుంది. మనసులో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. మా ఇంట్లో నేనూ అన్నాను, ఒకసారి కాదు. ఆ మాట గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. నీతిపాఠంలా రాస్తే చదవడం మానేసి ఫీజు నోటీసు పేజీకి వెళ్లిపోతారని నాకు తెలుసు. అందుకే ఒక బాక్సర్ కథ చెబుతాను.

బాక్సింగ్ అంటే మనకు వెంటనే మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ గుర్తొస్తుంది. ఈ కథ మాత్రం లండన్‌ది. మనిషి పేరు ఫ్రాంక్ బ్రూనో. ఇప్పుడు అరవై దాటిన వయసు. బ్రిటన్‌లో యాభై దాటిన ఎవరినైనా అడిగి చూడండి. మొహంలో ముందు ఒక నవ్వు కనిపిస్తుంది, ఆ తర్వాతే మాట వస్తుంది. ఆ నవ్వు ఎందుకొస్తుందో తెలుసుకుంటే పిల్లల్ని పెంచే మనకు పనికొస్తుందని నా అభిప్రాయం.

బడి నుంచి పంపేసిన పిల్లవాడు

బ్రూనో 1961 నవంబర్ 16న లండన్‌లో పుట్టాడు. తల్లి జమైకా నుంచి, తండ్రి డొమినికా నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లు. ఆరుగురు పిల్లల్లో చివరివాడు. ఒడ్డూ పొడుగూ ఎక్కువ, కోపం ఇంకా ఎక్కువ. టీచర్ మీద చేయి చేసుకున్నాడని బడి నుంచి పంపేశారు. దారి తప్పిన పిల్లల కోసం ససెక్స్‌లో నడుస్తున్న ఓక్ హాల్ అనే రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. అక్కడ ఉన్న రోజుల్లోనే తండ్రి చనిపోయాడు.

అలాంటి పిల్లవాడు పద్దెనిమిదేళ్లకే, 1980లో, బ్రిటన్ అమెచ్యూర్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. ఆ టైటిల్ అంత చిన్న వయసులో అంతకుముందు ఎవరూ గెలవలేదు. ప్రొఫెషనల్‌గా మారదామంటే కుడి కన్ను అడ్డొచ్చింది. చూపులో లోపం ఉందని లైసెన్స్ ఇవ్వలేదు. కొలంబియా దేశంలోని బొగోటా దాకా వెళ్లి ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు. 1982 మార్చిలో మొదటి బౌట్ ఆడాడు. అక్కడి నుంచి వరసగా 21 గెలుపులు, ఇరవై ఒకటీ నాకౌట్లే.

ఇక్కడి దాకా మనకు బాగా అలవాటైన కథే. కష్టాలు పడ్డ పిల్లవాడు, పట్టుదల, విజయం. మన ఫ్లెక్సీల మీద పడేది ఈ ముక్కే. అభిమానులు గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆ తర్వాత జరిగింది.

అభిమానులకు గుర్తున్నవి ఓటములు

1984 మేలో జేమ్స్ స్మిత్ అనే అమెరికన్‌తో బౌట్. పాయింట్లలో ముందున్న బ్రూనో పదో రౌండులో పడిపోయాడు. 1986 జులైలో వెంబ్లీ స్టేడియంలో ప్రపంచ టైటిల్ కోసం టిమ్ విదర్‌స్పూన్‌తో తలపడ్డాడు. పదకొండో రౌండులో ఓడిపోయాడు. ఆనాటి లోపాలను అభిమానులే చెబుతారు: మరీ నిటారుగా, కర్రలా నిలబడేవాడు, చివరి రౌండ్లకు ఊపిరి అందేది కాదు, గట్టి దెబ్బ తగిలితే వెనక్కి తగ్గడం తెలిసేది కాదు. ప్రేమించేవాళ్లకు లోపాలు కనిపించవని కాదు. కనిపిస్తాయి, చెబుతారు కూడా. అయినా టికెట్ కొనుక్కుని మళ్లీ వస్తారు.

అభిమానులు ఎక్కువగా చెప్పుకునేది 1989 ఫిబ్రవరి 25 రాత్రి గురించి. లాస్ వేగాస్‌లో మైక్ టైసన్‌తో బౌట్. బ్రిటన్‌లో అప్పటికి తెల్లవారుజాము. అప్పటికి టైసన్ ఒక్కసారి కూడా ఓడలేదు. మొదటి రౌండు మొదలైన కాసేపటికే బ్రూనో కింద పడి లేచాడు. అదే రౌండు చివర్లో అతని ఎడమచేతి దెబ్బకు టైసన్ కాళ్లు ఒక్క క్షణం వణికాయి. బీబీసీ వ్యాఖ్యాత హ్యారీ కార్పెంటర్, ఎంతో నిబ్బరంగా మాట్లాడతాడని పేరున్న పెద్దమనిషి, వ్యాఖ్యాత పక్షం వహించకూడదన్న సంగతే మరచి బ్రూనోను ఎగదోస్తూ అరిచేశాడు. ఆ క్షణాన్ని బ్రిటన్ అభిమానులు ఈనాటికీ చెప్పుకుంటారు. అయిదో రౌండులో రిఫరీ బౌట్ ఆపేశాడు. బ్రూనో ఓడాడు.

ఇప్పుడు ఒక తేదీ గమనించండి. బ్రిటన్ ప్రభుత్వం బ్రూనోకు ఎంబీఈ అనే గౌరవం ఇచ్చింది 1990లో. అప్పటికి అతని ఖాతాలో ప్రపంచ టైటిల్ ఒక్కటి కూడా లేదు. ఉన్నవి మూడు పెద్ద ఓటములు. అదే రోజుల్లో క్రిస్మస్ కాలంలో పిల్లల కోసం వేసే పాంటోమైమ్ నాటకాల్లో అలాద్దీన్ కథలోని జీనీగా స్టేజీ ఎక్కితే పిల్లలు కేరింతలు కొట్టారు. గెలుపు ఇంకా రాలేదు, ఆదరణ మాత్రం వచ్చేసింది.

1993లో కార్డిఫ్‌లో లెనాక్స్ లూయిస్ చేతిలో మూడో టైటిల్ అవకాశమూ పోయింది. అందరూ ఇక చాలన్నారు. 1995 సెప్టెంబర్ 2న వెంబ్లీ స్టేడియంలో నాలుగో ప్రయత్నం. ఎదుట ఆలివర్ మెకాల్, ఏడాది క్రితమే లూయిస్‌ను పడగొట్టినవాడు. పన్నెండు రౌండ్లు. చివరి రౌండులో బ్రూనోకు ఊపిరి అందడం లేదు, దెబ్బలు తగులుతున్నాయి, మెకాల్‌ను పట్టుకుని నిలబడ్డాడు. పడిపోలేదు. పాయింట్ల మీద గెలిచాడు. ముప్ఫై మూడేళ్ల వయసులో ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు.

ఆ బెల్ట్ అతని దగ్గర ఉన్నది ఆరున్నర నెలలు. 1996 మార్చి 16న మళ్లీ టైసన్ ఎదురై మూడో రౌండులోనే ముగించాడు. కంటికి తగిలిన గాయం వల్ల ఇక ఆడొద్దని డాక్టర్లు చెప్పారు. మొత్తం 45 బౌట్లు, 40 గెలుపులు, అందులో 38 నాకౌట్లు, 5 ఓటములు. ఆ అయిదుసార్లు ఓడించింది నలుగురు మనుషులు. ఆ నలుగురూ ఏదో ఒక సమయంలో ప్రపంచ చాంపియన్లే.

పద్నాలుగేళ్ల వృత్తి, అందులో ఆరున్నర నెలల కిరీటం. ఆ ఆరున్నర నెలల కోసమే ప్రేమించి ఉంటే జనం ఈపాటికి మరచిపోయేవాళ్లు.

ఒక రాత్రి, రెండు శీర్షికలు

రిటైర్ అయ్యేనాటికి బ్రూనోకు ముప్ఫై నాలుగేళ్లు. పన్నెండు రౌండ్ల పోటీకి సిద్ధం కావడం అతనికి తెలుసు. పొద్దున లేచాక ఏ బౌట్ కోసమూ పరిగెత్తనక్కర్లేని రోజులు గడపడం ఎవరూ నేర్పలేదు. 2001లో విడాకులు. మరుసటి ఏడాది, కడపటి ఏళ్లలో తనకు శిక్షణ ఇచ్చిన జార్జ్ ఫ్రాన్సిస్ మరణం. మత్తుపదార్థాల జోలికి కూడా వెళ్లానని అతనే తర్వాత ఒప్పుకున్నాడు. ఇంటి తోటలో ఒక బాక్సింగ్ రింగ్ కట్టించుకుని అందులోనే ఎక్కువసేపు గడిపేవాడు.

2003 సెప్టెంబర్ 22న ఎసెక్స్‌లోని ఇంటి నుంచి బ్రూనోను అక్కడి మానసిక ఆరోగ్య చట్టం కింద ఆస్పత్రికి తరలించారు. జబ్బు పేరు బైపోలార్ డిజార్డర్. కొన్నాళ్లు నిద్ర అక్కర్లేనంత ఉత్సాహం, ఆగని మాటలు, అలవికాని పథకాలు. కొన్నాళ్లు మంచం దిగలేనంత నిస్పృహ. బీపీ, షుగర్ లాగే ఇదీ జబ్బే. వైద్యంతో అదుపులో ఉంటుంది.

ఆ రాత్రి 'ది సన్' పత్రిక మొదటి ఎడిషన్ అచ్చయింది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో శీర్షిక. మన భాషలో చెప్పాలంటే, "పిచ్చెక్కిన బ్రూనోను లోపలేశారు" అని. అందులో వాడిన మాట మన ఇళ్లలో వాడే 'మెంటల్' లాంటిదే. సరదాగా, వెటకారంగా అనేసే మాట.

ఆ ఎడిషన్ బయటికి రాగానే నిరసన మొదలైంది. పాఠకులు మండిపడ్డారు. మానసిక ఆరోగ్య సంస్థలు తప్పుపట్టాయి. తెల్లవారేలోగా పత్రిక తన శీర్షిక మార్చుకుంది. తర్వాతి ఎడిషన్లలో 'పాపం బ్రూనో' అన్న ధోరణి వచ్చింది. ఆ తర్వాత అదే పత్రిక ఒక మానసిక ఆరోగ్య సంస్థ కోసం విరాళాలు కూడా పోగుచేసింది.

దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే పత్రికల్లో ఒకటి, ఒక్క రాత్రిలో మాట ఎందుకు వెనక్కి తీసుకుంది? జబ్బుపడింది ఒక అనామకుడైతే తీసుకునేదా? నాకు అనుమానమే. జనానికి బ్రూనో తెలుసు. కింద పడినప్పుడు చూశారు, లేచినప్పుడు చూశారు. అతను తమవాడు. తమవాణ్ని ఆ మాట అంటే వాళ్లకు నొప్పి పుట్టింది. అప్పటిదాకా ఆ మాట ఎన్నిసార్లు ఎంతమందిని అని ఉంటారో, అది గుచ్చుకుంటుందని మాత్రం ఆ రోజే తెలిసింది.

మన ఇంటి సంగతి

ఇక మన దగ్గరికి వద్దాం. "మా పిల్లవాడు బాక్సర్ కాదు, తలకు దెబ్బలూ తగల్లేదు, ఇదంతా మాకెందుకు?" అని మీరు అడగొచ్చు. బైపోలార్ జబ్బు గ్లవ్స్ తొడగని వాళ్లకు కూడా వస్తుంది. ఇంజినీర్లకు, టీచర్లకు, గృహిణులకు, విద్యార్థులకు వస్తుంది. చాలామందిలో టీనేజ్ చివర, ఇరవైల మొదట్లో బయటపడుతుంది. అంటే మన పిల్లలు ఇంటర్‌లోనో, ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోనో, మనకు దూరంగా హాస్టల్లోనో ఉండే వయసు. దిగులు, ఆందోళన లాంటివి అంతకన్నా ముందే రావచ్చు.

కిందటి ఏడాది పెద్ద తరగతి పిల్ల ఒకతె నా దగ్గర కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు మేడమ్. ఏడుపొస్తోంది. ఎందుకో తెలీదు" అంది. అమ్మకు చెప్పావా అని అడిగాను. "చెప్తే మెంటల్ అంటారు" అంది. ఆ తల్లి నాకు తెలుసు. కూతురంటే ప్రాణం. ఆ మాట ఆవిడ ఎప్పుడో టీవీ రిమోట్ గురించో, పోగొట్టుకున్న వాటర్ బాటిల్ గురించో అని ఉంటుంది. పిల్ల దాన్ని మనసులో దాచుకుంది. నిజంగా చెప్పుకోవాల్సిన రోజు వచ్చేసరికి ఆ మాటే తలుపుకు గొళ్లెం వేసింది.

నా అభిప్రాయం ఒక్కటే. పిల్లవాడు జబ్బుపడిన రోజున మనం ఎంత ప్రేమగా మాట్లాడతామన్నది కాదు లెక్క. మామూలు రోజుల్లో, ఓడిన రోజుల్లో మనం వాడిన మాటల్ని బట్టే వాడు మన దగ్గరికి రావాలో వద్దో ముందే నిర్ణయించుకుని ఉంటాడు.

"అయితే గెలవమని చెప్పొద్దా? ర్యాంకులు వద్దా?" అని మీరడిగితే, అలా అనడం లేదు. బ్రూనో అభిమానులు అతను గెలవాలనే వెంబ్లీకి వెళ్లారు. గొంతు పోయేదాకా అతని పేరు అరిచారు. ఓడితే బాధపడ్డారు, తప్పులు చెప్పారు. ఆ తర్వాత బౌట్‌కు మళ్లీ వెళ్లారు. పిల్లవాడు గెలవాలని కోరుకోవడం తప్పు కాదు. గెలిస్తేనే నా కొడుకు అన్నట్టు ప్రవర్తిస్తేనే చిక్కు. ప్రోగ్రెస్ కార్డు చూసిన సాయంత్రం ఇంట్లో టీవీ పెట్టకుండా, అన్నం దగ్గర ఎవరూ మాట్లాడకుండా ఉంటే, మనం ఏమీ అనకపోయినా వాడికి అర్థమైపోతుంది.

అభిమానులు చేయలేనిది కూడా ఒకటుంది. రింగ్ దగ్గర కేకలు వేసినవాళ్లు 2003లో ఆ ఇంటి తోటలో లేరు. దూరం నుంచి ప్రేమించడమే వాళ్ల చేతిలో ఉంది. దగ్గర ఉండి నలిగింది కుటుంబం. అతని కూతురు రేచల్ 2013లో బీబీసీ కోసం చేసిన డాక్యుమెంటరీలో తండ్రి జబ్బు గురించి, అది ఇంట్లోవాళ్ల మీద చూపిన ప్రభావం గురించి దాపరికం లేకుండా మాట్లాడింది. అంతకు ముందటి ఏడాదే, 2012లో, బ్రూనో మళ్లీ ఆస్పత్రి పాలయ్యాడు. ఒకసారి నయమైతే ఇక రాదనుకునే జబ్బు కాదిది. ఓపిక కావాలి, ఇంటిల్లిపాదికీ.

అయినా అతను దాక్కోలేదు. తన జబ్బు గురించి పుస్తకాల్లో రాశాడు, వేదికల మీద మాట్లాడాడు. తన పేరుతో ఒక ఫౌండేషన్ పెట్టి, మనసు బాగోలేని వాళ్లకు వ్యాయామం, దెబ్బలు లేని బాక్సింగ్ సాధన అందేలా చూస్తున్నాడు. ఒకప్పుడు తనను చితక్కొట్టిన టైసన్‌ను అమెరికా వెళ్లి కలిసి, ఇద్దరూ పాత రోజులు నెమరేసుకున్నారు. ఈ రోజు అభిమానులు అతని దగ్గరికొచ్చి టైసన్ బౌట్ గురించే కాదు, "మా నాన్నకూ ఇదే జబ్బు", "నాకూ ఇదే జబ్బు" అని చెప్పుకుంటున్నారంటే ఆశ్చర్యం లేదు. ఆరున్నర నెలల బెల్ట్ కన్నా ఇదే పెద్ద విజయమని నేననుకుంటాను.

ఈ నెల ఇంట్లో

మూడు చిన్న పనులు అడుగుతున్నాను.

మొదటిది, 'మెంటల్', 'పిచ్చి' అన్న మాటల్ని ఒక నెల పాటు తిట్టుగా వాడకుండా ఉండండి. పిల్లల్నే కాపలా పెట్టండి. మీ నోట వస్తే వాళ్లు పట్టుకోవాలి. ఒప్పుకుంటే వాళ్లకు ఇష్టమైనది వండిపెట్టాలి. నవ్వుతూనే అలవాటు మానొచ్చు.

రెండోది, ఈసారి మార్కులు తగ్గినా, మ్యాచ్ ఓడినా, ఆ రోజు రాత్రి మార్కుల మాట ఎత్తకుండా కలిసి అన్నం తినండి. తప్పులు మర్నాడు చూసుకోవచ్చు. బ్రూనో కూడా ఊపిరి అందకపోవడం గురించి శిక్షకుడితో మాట్లాడింది రింగ్‌లో పడి ఉన్నప్పుడు కాదు కదా.

మూడోది, కాస్త గమనించండి. నిద్ర, ఆకలి బాగా మారడం, ఇష్టమైన ఆట, స్నేహితులు వదిలేయడం, మార్కులు ఉన్నట్టుండి పడిపోవడం, అకారణంగా కోపం లేదా ఏడుపు, నిద్రే లేకుండా విపరీతమైన హుషారు. ఇవి రెండు వారాలు దాటి ఉంటే సోమరితనం అనో, వయసు ప్రభావం అనో కొట్టిపారేయకండి. చచ్చిపోవాలనుందన్న మాట పిల్లల నోట ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి, ఆ రోజే కదలండి. క్లాస్ టీచర్‌తోనో, స్కూల్ కౌన్సెలర్‌తోనో మాట్లాడండి. డాక్టర్‌ను కలవండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నంబర్ ఫ్రిజ్ మీద అంటించి పెట్టండి, అవసరం ఉన్నా లేకపోయినా.

లండన్‌లో ముక్కూమొహం తెలియని జనం, తాము టికెట్ కొని చూసిన మనిషి కోసం ఒక పత్రిక చేత రాత్రికి రాత్రి మాట మార్పించారు. మన ఇంటి పత్రికకు సంపాదకులం మనమే. శీర్షిక మార్చడానికి ఎవరి నిరసన కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.

ఈ నెలాఖరు పేరెంట్స్ మీటింగ్‌లో కలుద్దాం. ప్రోగ్రెస్ కార్డు తీసుకున్నాక ఒక్క అయిదు నిమిషాలు కౌన్సెలింగ్ గది వైపు రండి. మీవాడు ఎలా ఉన్నాడో మాట్లాడుకుందాం.

మీ
స్కూల్ కౌన్సెలర్